నీలివార్తలు, నూలు లెక్కలు

నీలివార్త అన్న మాట మనందరం వాడతాం. లేనిపోని పుకారుని నీలివార్త అంటాం. ఈమధ్య కుర్రకారు దీన్ని సినిమాహాళ్ళ మార్నింగ్ షోలతో ముడిపెట్టి వేరే అర్థం తీస్తున్నారు గాని, ఆ నీలికీ ఈ నీలికీ చుట్టరికం లేదు. ఇది అద్దకం వాళ్ళ తొట్టిలోంచి పుట్టిన మాట. నీలి తొట్టి సరిగా పులియకపోతే, నూలుకి రంగు పట్టకపోతే, ఊళ్ళో ఏదో ఒక అబద్ధపు కబురు పుట్టించి వదిలితే తొట్టి దారికొస్తుందని వాళ్ళ నమ్మకం. కబురు ఎంత దూరం పాకితే రంగు అంత చిక్కగా దిగుతుందట. తొట్టి వాళ్ళది, అపవాదు ఎవరి మీదకో!

నమ్మకం మాట అలా ఉంచి, నీలి నిజంగానే మొండిఘటం. పసుపునో, మోదుగ పువ్వునో నీళ్ళల్లో మరిగిస్తే రంగు దిగుతుంది. నీలిమందు నీళ్ళల్లో కరగనే కరగదు. సున్నపు తేటలో వేసి, తంటెపు గింజలు ఉడికించిన జిగురుని తోడు పెట్టి, రోజుల తరబడి పులియబెట్టాలి. ఆ పులుపులో పెరిగే సూక్ష్మజీవులు తొట్టిలోని ప్రాణవాయువుని తినేసి నీలిని కరిగే రూపంలోకి తెస్తాయి. అప్పుడు ముంచిన నూలు పైకి తీస్తే నీలంగా ఉండదు, పసుపుపచ్చగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ కళ్ళముందే ఆకుపచ్చగా మారి, ఆ తర్వాత నీలం తిరుగుతుంది. చలికి పులుపు మందగిస్తుంది. బెంగుళూరు మార్గశిర మాసంలో మన పేటల్లో ఎన్ని నీలివార్తలు పుట్టి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఈ ముచ్చట ఎందుకు ఎత్తుకున్నానంటే, బెంగుళూరు తెలుగువాళ్ళని ఎక్కడో నించి రైలెక్కి దిగినవాళ్ళుగా చూసే అలవాటు చాలామందికి ఉంది. మనలోనే కొందరు తమని తాము "ప్రవాసాంధ్రులం" అని చెప్పుకుంటూ ఉంటారు. ఉద్యోగానికి వచ్చినవాళ్ళ సంగతి వేరు. కబ్బన్‌పేటలోనో, నగరత్‌పేటలోనో ఇంట్లో తెలుగూ అంగట్లో కన్నడమూ మాట్లాడుతూ ఎన్నో తరాలుగా బతుకుతున్న నేత కుటుంబాలని ప్రవాసులంటే ఎలా? ఒక పెద్దాయన్ని, "మీ సొంత ఊరు ఏది స్వామీ?" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఇదే గదప్పా, ఇంకేం ఊరుండాది మాకు?" అన్నాడు.

ఆయన మాటకి కాగితం మీద సాక్ష్యం ఉంది. శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు మరణించిన మరుసటి ఏడు, అంటే 1800లో, గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఆజ్ఞ మీద ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లండు డాక్టరు మద్రాసు నించి బయల్దేరి మైసూరు, కన్నడ, మలబారు సీమలన్నీ తిరిగాడు. పంటలేమిటి, వృత్తులేమిటి, ఎవరెవరు ఏం చేస్తారు అని పూసగుచ్చినట్టు రాసుకున్నాడు. ఆ రాతలు 1807లో లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. కొత్త దొరతనానికి ఈ దేశంలో ఏముందో లెక్క తేల్చడం ఆయన పని, అది మనం మరచిపోకూడదు. అయినా చూసినదాన్ని చూసినట్టు రాయడంలో ఆయనకి సాటి తక్కువ.

బెంగుళూరు పేట అప్పటికి దెబ్బతిని ఉంది. 1791లో కారన్‌వాలిస్ సైన్యం పేటని పట్టుకున్నప్పుడు చెదిరిన జనం మెల్లమెల్లగా తిరిగి వస్తున్నారు. మగ్గాలు మళ్ళీ ఆడుతున్నాయి. అక్కడి నేతవాళ్ళని బుకానన్ తెగల వారీగా చెప్పుకొచ్చాడు. పట్టు నేసే పట్టెగారులు, ఖత్రీలు, పద్మశాలీలు, తొగటవారు, బిళిమగ్గం వారు. దేవాంగుల దగ్గరికి వచ్చేసరికి ఒక గీత గీశాడు: కన్నడ దేవాంగులు వేరు, తెలుగు దేవాంగులు వేరు అని. ఇద్దరికీ చౌడేశ్వరి అమ్మే కులదేవత, ఇద్దరిదీ మగ్గమే బతుకు, భాష మాత్రం వేరు. రాష్ట్రాలు భాషల వారీగా ఏర్పడిన 1956కి నూట యాభై ఏళ్ళ ముందే ఒక పరాయి దేశస్థుడు ఈ పేట వీధుల్లో నిలబడి, వీళ్ళు తెలుగువాళ్ళు అని రాసుకున్నాడన్న మాట.

ఆ పుస్తకంలో నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం మగ్గం కాదు, నూలు. బెంగుళూరు చుట్టుపక్కల వారపు సంతల్లో పేద ఆడవాళ్ళు దూది కొద్దికొద్దిగా కొనుక్కుపోయి, ఇంట్లో వడికి, మళ్ళీ సంతకి తెచ్చి నేతవాళ్ళకి నూలు అమ్ముకునేవారట. బ్రాహ్మణ స్త్రీలు తప్ప మిగతా కులాలన్నిటి ఆడవాళ్ళూ వడికేవారని బుకానన్ రాశాడు. అంటే పేటలోని మగ్గాలకి అందే నూలంతా వేల ఇళ్ళల్లో, వంటకీ వంటకీ మధ్య, పిల్లని ఒళ్ళో వేసుకుని తీసిన పోగే. కన్నడంలో అరళె అంటే దూది. ఆ దూది బేరం పేరున ఇప్పటికీ అరళెపేట ఉంది. వడికినవాళ్ళ పేరున మాత్రం ఏ పేటా లేదు. నేసినవాడికి కులం పేరుంది, అమ్మినవాడికి అంగడి పేరుంది. వడికిన ఆవిడ "పేద ఆడవాళ్ళు" అన్న రెండు మాటల్లో మునిగిపోయింది.

ఇక రంగుల సంగతి. పట్టెగారులు తమ పట్టుకి తామే రంగు వేసుకునేవారు. ఎరుపుకి లక్క. చెట్టు కొమ్మల మీద లక్క పురుగు పెట్టే జిగురుని కడిగితే దిగే ఎర్రనీళ్ళే ఆ రంగు. పసుపుపచ్చకి పసుపుకొమ్ము, సిందూరి కాయల మీది పొడి. నీలానికి నీలిమందు. పతంగ చెక్క, సురతి చెక్క కూడా వాడేవారు. నూలు మీద ఎరుపుకి తొగరు చెట్టు వేళ్ళ పట్ట. మన భాషలో తొగరు అంటే ఎరుపు అనే అర్థం, చెట్టుకీ అదే పేరు. రంగు పేరు ముందో చెట్టు పేరు ముందో పండితులు తేల్చాలి. నాకు మాత్రం ఈ మాట ఇప్పుడు ఏ తెలుగు ఇంట్లోనూ వినపడడం లేదన్నదే బెంగ. ఎరుపు ఉంది, రెడ్డు ఉంది, మెరూన్ ఉంది. తొగరు పోయింది.

నూలుకి ఎరుపు పట్టించడం పట్టుకి పట్టించినంత సులువు కాదు. పట్టూ ఉన్నీ జంతువుల నించి వచ్చినవి, రంగుని ఇట్టే పట్టుకుంటాయి. దూది నూలు అలా కాదు. ముందు దాన్ని నూనెలోనూ బూడిద నీళ్ళలోనూ పిసికి పిసికి ఎండబెట్టాలి. ఈ పద్ధతి చూడాలనుకునేవాళ్ళు యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాక వెళ్ళాలి. తేలియా రుమాలుకి నూలు ఇప్పటికీ అలాగే సిద్ధం చేస్తారు. ఆముదపు కాయల తొక్కలు కాల్చిన బూడిదని నీళ్ళల్లో కలిపి తేట తీసి, నువ్వుల నూనె జోడించి, ఆ పాలవంటి నీళ్ళల్లో నూలుని రోజూ తొక్కి, పిండి, ఆరబెడతారు. ఇలా ఎన్నో రోజులు. రుమాలుకి ఆ నూనె వాసన ఎన్నాళ్ళకీ పోదు, తేలియా అన్న పేరు అందుకే. చీరాల నించి ఈ రుమాళ్ళు ఒకప్పుడు అరబ్బు దేశాలకి ఓడలెక్కాయి.

తీరంలో చిరివేరు రాజ్యం. ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క, దాని సన్నటి వేళ్ళల్లో ఎరుపు. పటిక పట్టించిన చోట ఎర్రగా, ఇనుము పట్టించిన చోట నల్లగా తేలుతుంది. మచిలీపట్నం కలంకారీ వైభవమంతా ఆ వేరు మీదే నడిచింది. డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ 17వ శతాబ్దంలో అక్కడ కోఠీలు పెట్టింది ఈ అద్దకాల కోసమే. ఐరోపాలో ఎవరికీ ఉతికితే పోని రంగు వేయడం చేతకాలేదు. ఆ గుట్టు రాబట్టడానికి ప్రయత్నించినవాళ్ళలో ఒకాయన మనకి మరో రకంగా చుట్టం. కోర్దూ అనే ఫ్రెంచి జెసూట్ పాద్రీ 1742లో పుదుచ్చేరి వైపు అద్దకం ఎలా చేస్తారో, కరక్కాయ ఎప్పుడు, గేదె పాలు ఎప్పుడు, పటిక ఎప్పుడు అని వరసగా స్వదేశానికి ఉత్తరం రాశాడు. మతం పుచ్చుకున్న అద్దకం పనివాళ్ళని అడిగి తెలుసుకున్న సంగతులవి. ఈ పాద్రీయే తెలుగు నేర్చి తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చినవాడు. మన మాటలు నిఘంటువులోకీ, మన రంగులు ఉత్తరంలోకీ ఒకే చేత్తో ఎక్కించాడు.

ఆ తర్వాత కథ వేగంగా ముగిసిపోయింది. 1856లో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ లండన్ కుర్రవాడు మలేరియా మందు చేయబోతే ఊదారంగు తేలింది. 1869 నాటికి చిరివేరులోనూ తొగరులోనూ ఉండే ఎరుపుకి జోడీ అయిన అలిజరిన్‌ని జర్మన్లు తారులోంచి తీయడం నేర్చారు. 1897లో వాళ్ళ కంపెనీ కృత్రిమ నీలిని బజారులోకి దింపింది. కడప జిల్లాలో ఎకరాల కొద్దీ వేసిన నీలి పంట కూలిపోయింది. దీనికి కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. 1859లో బెంగాలు రైతులు తిరగబడింది ఈ సహజమైన నీలి మీదే. తెల్లదొరలు బలవంతాన వేయించిన పంట అది. ఆకునించి వచ్చిన రంగు కాబట్టి అందులో రక్తం లేదనుకోవడం పొరపాటు.

బెంగుళూరుకి మిల్లు ఊళ వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. 1884లో ఉన్ని, నూలు, పట్టు మిల్లు పెట్టారు. తర్వాత మనమంతా బిన్నీ మిల్లు అని పిలిచింది దాన్నే. మిల్లు నూలు వచ్చాక సంతలో ఆడవాళ్ళ నూలు అడిగేవాడు లేకపోయాడు. 1898 ప్లేగులో పేట సగం ఖాళీ అయింది. అద్దకానికి ఆధారం నీళ్ళు. ఏరు లేని ఈ ఊరికి చెరువులే దిక్కు. ధర్మాంబుధి చెరువు కెంపేగౌడ బస్టాండు అయింది, సంపంగి చెరువు స్టేడియం అయింది. 1927లో గాంధీగారు నందికొండ మీదా ఇక్కడా విశ్రాంతి తీసుకుంటూ బెంగుళూరు ఖాదీ ప్రదర్శనకి వచ్చారు. అప్పుడు రాట్నం తిరిగి ఇళ్ళల్లోకి వచ్చింది గాని, ఈసారి దేశభక్తిగా వచ్చింది, కూలిగా కాదు. కూలిగా నిలిచింది మన శ్రీకాకుళం వైపు పొందూరులో. అక్కడ ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, సన్నటి పోగు తీస్తారు. చేప పళ్ళతో దూది దువ్వడం ఇంకెక్కడా నేను వినలేదు.

రాట్నం పోయిన చేతుల్లోకి సూదులు వచ్చాయి. రెండు సూదులతో ఉన్ని అల్లడం మన దేశపు పాత విద్య కాదు. లోకంలో దొరికిన చాలా పాత అల్లికలు ఈజిప్టువి, నీలి వేసిన దూది నూలుతో అల్లిన మేజోళ్ళు. మనకి మాత్రం తెల్లవాళ్ళతో వచ్చింది. 1809లో ఇక్కడ కంటోన్మెంటు వెలిసింది. మిషనరీల బడుల్లో ఆడపిల్లలకి అక్షరాలతో పాటు కుట్టూ అల్లికా నేర్పారు. ఈ ఊరి చలి కూడా కలిసొచ్చింది. విజయవాడలో స్వెటర్ అల్లితే నవ్వుతారు, బెంగుళూరులో అల్లకపోతే అత్తగారు అడుగుతుంది. మా చిన్నప్పుడు దీపావళి దాటితే ప్రతి అరుగు మీదా ఉన్ని ఉండలే. మా అమ్మ నంబరు పది సూదుల మీద నిట్టు, పర్లు లెక్కపెడుతూ తెలుగు వారపత్రిక చదివేది. లెక్క తప్పేది కాదు. ఆ ఉన్నిలో అసలు ఉన్ని ఎంతో దేవుడికెరుక, అవెన్యూ రోడ్డు వైపు కొట్లల్లో దొరికేది చాలావరకు ఆక్రిలిక్కే. అసలైన మన ఉన్ని కురుబల కంబళి, మన గొంగడి. నల్లగొర్రె బొచ్చుకి రంగు అక్కర్లేదు, చింతగింజల గంజి పెడితే వానకి ఆగుతుంది.

అల్లిక అనగానే గోదావరి జిల్లాల వాళ్ళకి నరసాపురం లేసు గుర్తొస్తుంది. అదీ మిషనరీల వల్ల వచ్చిందే, కొక్కెం సూదితో అల్లేది. 1970ల చివర మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో ఉండి ఆ ఆడవాళ్ళ బతుకు చూసి 1982లో ఒక పుస్తకం రాసింది. దాన్ని తెలుగులో మనం ఎందుకు ఎక్కువగా చర్చించలేదో నాకర్థం కాదు. ఆవిడ తేల్చింది ఇది. రోజుకి ఆరు నించి ఎనిమిది గంటలు ఇంటిపని కాక లేసు అల్లుతున్న లక్షమందికి పైబడిన ఆడవాళ్ళని, వాళ్ళ సరుకు విదేశాలకి పంపే వ్యాపారులు గాని, లెక్కలు రాసే ప్రభుత్వం గాని, ఆఖరికి వాళ్ళ మొగుళ్ళు గాని పనివాళ్ళనుకోలేదు. "ఇంట్లో ఊరికే కూచోక ఏదో అల్లుకుంటారు" అన్నారు. ఘోషా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు కావడంతో బయటికి వచ్చి బేరమాడే దారి లేదు. ఒకరు పువ్వులు అల్లాలి, ఇంకొకరు అతుకుపని చెయ్యాలి, మొత్తం ఎంతకి అమ్ముడయిందో ఎవరికీ తెలియదు.

బుకానన్ సంతలోని నూలు ఆడవాళ్ళకీ వీళ్ళకీ తేడా ఏమిటా అని ఆలోచిస్తే, మొదటివాళ్ళే నయమనిపిస్తుంది. దూది తామే కొన్నారు, నూలు తామే అమ్మారు. ధర గిట్టకపోతే గంప నెత్తిన పెట్టుకుని తిరిగి వచ్చే స్వేచ్ఛ ఉంది.

ఇంట్లో రంగు వేసుకోవడం ఈ పదేళ్ళుగా మళ్ళీ మోజయింది. వేసుకోండి, మంచిదే. వంద గ్రాముల ఉన్నికి పది పదిహేను గ్రాముల పటిక చాలు. పటిక నీళ్ళల్లో మెల్లగా వేడి చేసి నానబెట్టి, తర్వాత రంగు నీళ్ళల్లో వెయ్యాలి. తెర్లనివ్వకూడదు, వేడి నించి చల్లటి నీళ్ళల్లోకి గబుక్కున మార్చకూడదు, ఉన్ని ముడుచుకుపోతుంది. ఉల్లిపొట్టు, దానిమ్మ తొక్క, పండగ మర్నాడు కె.ఆర్. మార్కెట్లో గుట్టలుగా పారేసే బంతిపూలు, అన్నీ పసుపు జాతి రంగులిస్తాయి. చిటికెడు అన్నభేది వేస్తే అదే రంగు ముదురు ఆకుపచ్చకో బూడిదకో తిరుగుతుంది. నూలయితే ముందు కరక్కాయ నీళ్ళల్లో ముంచాలి, ఆ వగరు లేనిదే పటిక నిలవదు. పసుపుకొమ్ము రంగు మాత్రం ఎండకి నాలుగు రోజుల్లో పోతుంది, దాన్ని నమ్ముకుని చీర పాడుచేసుకోకండి. సహజం పేరుతో పది రెట్లు ధర పెట్టి అమ్మే దుకాణాల్లో ఏ లవణాలు వాడారో అడగండి. ఆకు మంచిదే కావచ్చు, దాంట్లో కలిపే రాగి, క్రోమియం లవణాలు మంచివి కావు. ఏటికొప్పాక లక్కబొమ్మలకి చెట్టు రంగులు తిరిగి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలు చేసే అంకుడు కర్రా, ఇక్కడి చెన్నపట్న బొమ్మల హాలె మరమూ ఒకటే చెట్టు. దాని ఆకుల్లోంచి నీలి తీయవచ్చని సామర్లకోటలో ఉండగా రాక్స్‌బర్గ్ డాక్టరు 18వ శతాబ్దం చివర్లోనే పరీక్షించి చెప్పాడు.

మన ఊళ్ళో ఇప్పుడు ఇంటింటా సాగుతున్న నూలు పని ఇవేవీ కాదు, కుచ్చులు. పట్టుచీర కొంగు చివర వదిలిన పోగులని ముడివేసి, పట్టుదారం, పూసలు కలిపి కుచ్చు కట్టడం. చీర కొన్న ప్రతివాళ్ళూ కట్టించుకుంటారు. హనుమంతనగరు, శ్రీనగరు వైపు సందుల్లో మధ్యాహ్నం నడిస్తే తలుపు తీసి ఉన్న ప్రతి మూడో ఇంట్లో చీర కొంగు కిటికీ ఊచకి కట్టి, ముందు పీట వేసుకుని ఒక ఆడమనిషి కనపడుతుంది. కొక్కెం సూదితో అల్లే కుచ్చుకి ఒక ధర, ఉత్త ముడికి ఒక ధర. చీర తెచ్చేది అంగడివాడు, తీసుకుపోయేదీ అతనే. కట్టించుకున్న ఆవిడ అంగట్లో ఎంత ఇచ్చిందో కట్టిన ఆవిడకి తెలియదు. నరసాపురం నించి వందల మైళ్ళ దూరంలో అదే కథ.

మా వీధి చివర ఒక పద్మశాలీల ఇల్లుంది. తాత మగ్గం నేశాడు, కొడుకు పవర్‌లూమ్ నడిపాడు, ఆ కోడలు కుచ్చులు కడుతుంది. "ఎంత సేపు పడుతుందమ్మా ఒక చీరకి?" అని అడిగితే, "సేపేముందన్నా, ఊరికే ఉండేదే గదా నేను" అంది. ఆ వాక్యం మరియా మీస్ పుస్తకంలో కాదు, మా వీధిలో విన్నాను. మళ్ళీ ఆవిడే, "అంగడాయన పోయిన నెల ఏడు చీరలకి డబ్బులు ఆపినాడు, అన్నీ రాసిపెట్టుకోనుండాను" అని ఒక నోటుపుస్తకం చూపించింది. తేదీ, చీరల లెక్క, దారం రంగు, రావలసిన డబ్బు. లిపి కన్నడం, ఆవిడ చదివింది కన్నడ బడిలో. ఒక్కొక్క వరసా నాకు చదివి వినిపించింది. చిలకపచ్చ రెండు, నేరేడుపండు ఒకటి, వంకాయరంగు ఒకటి, మెంతిరంగు మూడు. అన్నీ తెలుగు మాటలు. ఏడు చీరల కింద ఎర్ర ఇంకుతో గీత గీసి ఉంది.